ఊరందరి ఫోన్లలో ఒకే ఖాతా

తాండూరులో ఒక డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబులో ఇన్‌స్ట్రక్టరుగా చేరి అక్కడే రిటైరయ్యాను. ఇల్లు వికారాబాద్‌లో. పొద్దున రైలెక్కి పోవడం, సాయంత్రం రైలెక్కి రావడం. ఉద్యోగ జీవితమంతా నాపరాళ్ల దుకాణాల గుమాస్తాలతో, పప్పు మిల్లులకు పోయే కూలీలతో కలిసి ఒకే పెట్టెలో గడిచింది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు, ఏం నేర్చుకుని రావాలి సార్ అని అడుగుతుంటారు. తీగలు బిగించడం, పాడైన మిషను బాగుచేయడం ఎవరైనా నేర్పుతారు. నేను చెప్పదలచుకున్నది వేరు. మనుషులు కట్టుకున్నవాళ్లతో కూడా చెప్పుకోని మాటలు ఈ కంప్యూటరు పెట్టెకు చెబుతారు. దాని తాళం తీయడం మీకు తెలుసు. మీ ఉద్యోగం అసలు ఇక్కడ మొదలవుతుంది.

నేను హేతువాదిని. వయసులో ఉన్నప్పుడు వీరేశం సారు అనే లెక్కల పంతులు వెంట ఊరూరా తిరిగాను. నిప్పుల మీద నడవడం, గాలిలోంచి బూడిద తీయడం, నాలుకకు శూలం గుచ్చుకోవడం, ఇవన్నీ ఎట్లా చేస్తారో వేదిక మీద చేసి చూపేవాళ్లం. రహస్యం అన్న మాట వింటేనే మాకు మంట. మంత్రం రహస్యమన్నవాడు, మందు రహస్యమన్నవాడు, భూముల లెక్క రహస్యమన్నవాడు ప్రజలను దోచుకోవడానికే అంటాడని సభల్లో అరిచి చెప్పేవాళ్లం. ఇప్పటికీ చెబుతాను. అయితే ఈ ఉద్యోగం ఆ మాటకు ఒక సవరణ చేయించింది. అదెట్లా వచ్చిందో రాస్తున్నాను. మనుషుల పేర్లు మార్చాను. ఊరి పేరు రాయడం లేదు.

ప్రిన్సిపాల్ గారి కోరిక

నేను చేరిన కాలంలో బ్రౌజరు చాలా సాదా వస్తువు. ఒకసారి ఒక పేజీ తెరిచేది, అది పూర్తిగా కనిపించేలోపు టీ తాగి రావచ్చు. కానీ ఆ రోజుల్లోనే దానికి ఒక అలవాటుండేది. ఎవరు ఏ పేజీ చూశారో వరసగా గుర్తుపెట్టుకునేది. దాన్నే హిస్టరీ అంటాం.

ఆ సంగతి ఎవరు చెప్పారో, ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచారు.

"ల్యాబుల ఆడపిల్లలు ఏమేం చూస్తున్నరో మిషన్ వారీగ తీసియ్యి."

"ఎందుకు సార్?"

"ఎందుకంటే ఏందయ్యా. తల్లిదండ్రులు మనల్ని నమ్మి పంపుతున్నరు."

"మగపిల్లలది గూడ తియ్యాల్నా సార్?"

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "నీకు మాటలెక్కువైనయ్."

"మరి మీ గదిలున్న మిషన్‌తోని మొదలుపెడదామా సార్?"

ఆ మాటతో సమావేశం ముగిసింది. ఆ వారంలోనే ల్యాబులో ప్రతి బ్రౌజరూ మూయగానే తన జ్ఞాపకం తుడిచేసుకునేటట్టు అమర్చి, అట్లా చేశానని ఆయనకే చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. పేద పిల్లల ఫీజు కోసం ఊళ్లో షావుకార్ల గుమ్మాలు ఎక్కి దిగేవాడు. ఇతరుల హిస్టరీ చూడడం క్రమశిక్షణ అనీ, తనది చూడడం అవమానం అనీ ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు. ఆ తర్వాత నా పై అధికారులుగా వచ్చినవాళ్లలో చాలామంది అట్లాగే నమ్మారు. అటువంటి కోరిక మీ ముందుకు వస్తే వాదించకండి. వాళ్ల మిషనుతో మొదలుపెడదామనండి.

మనసు చదివే యంత్రం

తర్వాత బ్రౌజరు పెరిగింది. మనం వెళ్లిన ప్రతి సైటూ మనల్ని మళ్లీ గుర్తుపట్టడానికి ఒక చిన్న చీటీ మన మిషనులో దాచిపెట్టడం మొదలైంది. దాన్ని కుకీ అన్నారు. ఆ సైటు దాచుకుంటే సరే. దాని పేజీలో ప్రకటన పెట్టిన మూడోవాడు కూడా తన చీటీ దాచాడు. ఆ మూడోవాడికి వందల సైట్లలో ప్రకటనలుంటాయి గనక మనం ఎక్కడ తిరిగినా వాడికి తెలుస్తుంది. మోకాళ్ల నొప్పి గురించి ఒకచోట చదివితే, వంటల పేజీలో నొప్పుల నూనె ప్రకటన ఎదురవుతుంది. మా స్టాఫ్ రూములో పీజీలు చేసిన లెక్చరర్లు, "ఇది మనసు చదువుతున్నది" అని నిజంగా భయపడ్డారు. నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. భక్తుడు వరండాలో కూర్చున్నప్పుడు శిష్యుడు మాటల్లో పెట్టి బాధ కనుక్కుని లోపల బాబాకు చేరవేస్తాడు. బాబా భక్తుణ్ని చూడగానే, "నీకు కడుపు నొప్పి కదా" అంటాడు. మూడోవాడి చీటీ చేసేది ఆ శిష్యుడి పనే.

ఇప్పుడు కొన్ని బ్రౌజర్లు ఆ మూడోవాణ్ని వాటంతటవే అడ్డుకుంటున్నాయి. కొన్నిటిలో మనమే వెతికి అడ్డుకోవాలి. ప్రైవేటు విండో అని ఒకటి వచ్చింది. దాని గురించి ఉన్నంత మూఢనమ్మకం తాయెత్తుల గురించి కూడా లేదు. ఆ విండో మూసేస్తే మీ ఫోను మరచిపోతుంది, అంతే. మీరు వెళ్లిన సైటు మరచిపోదు, నెట్టు ఇచ్చే కంపెనీ మరచిపోదు. ఇంట్లో అదే ఫోను వాడే మరొకరి కంటపడకుండా ఉండడానికి పనికొస్తుంది. అది చిన్న మేలు కాదు. కానీ అంతకు మించి ఆశపెట్టకండి.

వీటన్నిటి తర్వాత వచ్చింది ఖాతా, అంటే ఫోను మొదలుపెట్టగానే అడిగే మెయిల్ అకౌంటు. ఇప్పుడు మన హిస్టరీ ఫోనులో ఉండదు, ఖాతాలో ఉంటుంది. ఒకే ఖాతాతో రెండు ఫోన్లు తెరిస్తే, ఒక దానిలో వెతికింది రెండో దానిలో కనబడుతుంది. పట్నంలో ఇది సదుపాయం. పెద్దేముల్ మండలంలో ఒక ఊళ్లో ఇది ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చింది.

అనంతమ్మ

నా రిటైర్‌మెంటుకు కొంతకాలం ముందు, డిగ్రీ రెండో సంవత్సరం చదివే మంజుల మధ్యాహ్నం పూట ల్యాబుకు వచ్చి నిలబడింది. క్లాసు లేదు. కూర్చోమంటే కూర్చోలేదు.

"సార్, మా అమ్మ బాణామతి చేస్తదంటున్నరు ఊళ్లె."

ఆమె తల్లి అనంతమ్మ. గొర్రెలు కాసే కురుమలు. పది గొర్రెలు, ఎకరమో ఎకరన్నరో చేను. భర్త లేడు. చదువు రాదు. బాణామతి అంటే చేతబడి. ఆ నింద పడ్డవాళ్ల పళ్లు ఊడగొట్టిన ఊళ్లు మా వైపు ఉన్నాయి. పళ్లు లేకపోతే నోట మంత్రం పలకదట. అది వెనకటి ముచ్చట అని ఎవరైనా అంటే నమ్మకండి.

"ఆదివారం బడి ముందట పంచాయితి పెడుతున్నరు సార్. నర్సిములు పెదనాయన అందరి ముందట అన్నడు, ఒప్పుకోకపోతే పళ్లు పీకుడే అని. అమ్మ ఊరిడిచి పోతనంటలేదు. నేనేం చెయ్యలే, ఎందుకు పోవాలె అంటది."

ఎందుకు అనుమానించారో అడిగాను. పక్కింటి బాలమణి కోడలు స్వరూపకు పిల్లలు నిలవడం లేదు. బాలమణి రోజూ కోడల్ని సాధిస్తుంటే, నీళ్ల నల్లా దగ్గర అనంతమ్మ మెల్లగా చెప్పిందట, మూడుసార్లు పోయిందని పిల్లను తిట్టకు, లోపం మీ పిలగాని దిక్కు గూడ ఉండొచ్చు, ఇద్దరినీ దవాఖానకు తోలు అని. బాలమణికి భయం పట్టుకుంది. పోయిన గర్భాల సంగతి ఆ ఇంటి గడప దాటలేదు. కొడుకులో లోపం ఉండొచ్చన్న అనుమానం ఆ ఇంట్లో కూడా ఎవరూ పైకి అనలేదు. అంతకు ముందే నర్సిములుకు కూడా ఇట్లాంటి అనుభవం ఉంది. ఎవరికీ చెప్పుకోని ఒక జబ్బు గురించి అనంతమ్మ ఆయనను, "తగ్గిందా బావా" అని అడిగింది. ఇద్దరూ కలిసి మాట్లాడుకున్నారు. అంతలో ఎవరిదో దూడ చచ్చిపోయింది. సాక్ష్యం పూర్తయింది.

"మీ అమ్మకు ఎట్ల తెలిసింది?"

"ఫోన్ల వచ్చింది సార్." మంజుల ఫోను తీసి వెతికే గడి మీద వేలు పెట్టింది. కింద పాత ప్రశ్నలు వరసగా దిగాయి. "ఇవి నేను అడగలే. అమ్మ అడగలే. పొద్దుగూకినంక అమ్మకు చదివి వినిపిస్తుంట. వాన ముచ్చట వచ్చినట్టు ఊరి ముచ్చట గూడ అందరి ఫోన్లల్ల వస్తదనుకున్నం."

మొదటి ప్రశ్న చదివాను. "నేను రాములు భార్య స్వరూపను మాట్లాడుతున్నా" అని ఊరి పేరుతో సహా మొదలై, మూడుసార్లు గర్భం పోయిందని, మగవాళ్లలో లోపం ఉన్నా అట్లా జరుగుతుందా అని ముగిసింది. ఫోను తిప్పి బల్ల మీద పెట్టేశాను.

నగరంలో ఎవరూ ఫోనుకు పేరు చెప్పి ప్రశ్న అడగరు. ఈ ఊళ్లలో అడుగుతారు. మండలాఫీసు కిటికీ దగ్గర, బ్యాంకులో, దవాఖానలో, ఎక్కడికి పోయినా ముందు పేరు చెప్పు, ఇంటిపెద్ద పేరు చెప్పు, ఊరు చెప్పు అంటారు. చెప్పకపోతే కసురుతారు. చదువు రానివాళ్లు మైకు బొమ్మ నొక్కి మాట్లాడి వెతుకుతారు. అవతల ఎవరో ఆఫీసరు వింటున్నాడన్నట్టు మర్యాదగా పేరూ ఊరూ చెప్పుకుని మరీ అడుగుతారు. ఆ మర్యాద నేర్పింది మన ఆఫీసులే.

ఖాజా దుకాణం

ఈ ప్రశ్నలు అనంతమ్మ ఫోనుకు ఎట్లా వచ్చాయో నాకు అర్థమైంది. రుజువు కోసం మరుసటి రోజు షేర్ ఆటోలో పెద్దేముల్ వెళ్లాను. అనంతమ్మ ఊళ్లో ఎక్కువ మంది ఫోన్లు కొన్నది అక్కడి ఖాజా దుకాణంలో. ముప్పై ఏళ్ల మనిషి, నవ్వుముఖం.

"అకౌంట్ లేకుంటే ఫోన్ నడ్వది గద సాబ్. వీళ్లకు మెయిల్ యాడికెల్లి తేవాలె? తెరిచిస్తె పాస్‌వర్డ్ రెండు దినాలల మర్చిపోతరు. మళ్ల నా జాన్ తింటరు. అందుకని నా అకౌంటే వేసిస్త."

"ఎన్ని ఫోన్లల్ల వేసినవ్?"

"లెక్క ఎవరు పెట్టిండ్రు సాబ్. ఊరంత నా అకౌంటే అనుకో." ఆ మాట గొప్పగానే అన్నాడు.

"ఒకరి నంబర్లు ఇంకొకరి ఫోన్లకు రాలేదా?"

"వచ్చినయ్. మస్తు తిట్టిండ్రు. గందుకే నంబర్లు కలువకుంట బంద్ చేసిన."

నంబర్లు కంటికి కనబడ్డాయి, తిట్లు పడ్డాయి, అది ఆపాడు. వెతికిన ప్రశ్నల గురించి ఎవరూ తిట్టలేదు. తన ప్రశ్న కాకుండా మరొకరి ప్రశ్న కనబడినవాళ్లు, ఫోనే ఏదో చూపిస్తోందనుకున్నారు. చాలామందికి చదువు రాదు గనక కనబడినా తెలియలేదు. మంజుల చదవగలదు, తల్లికి వినిపించింది. తల్లి విని ఊరుకోకుండా, బాధలో ఉన్నవాళ్లకు మంచి మాట చెప్పబోయింది. అదీ ఆమె చేసిన మంత్రం.

ఇదంతా చెప్పాక ఖాజా స్టూలు మీద కూలబడ్డాడు. "నేనొక్కటి గూడ చదువలే సాబ్. ఖుదా కసం. ఆ అవ్వ మా అమ్మీకి ఉన్ని గొంగడి తెచ్చిచ్చింది. నా వల్ల ఆమె పళ్లు పీకుతరా?"

"ఆదివారం వచ్చి ఈ మాట ఊరి ముందర చెప్తవా?"

"కొడ్తరేమో" అన్నాడు. తర్వాత, "వస్త" అన్నాడు.

వీరేశం సారుతో గొడవ

వికారాబాద్ వచ్చి ముందు వీరేశం సారు ఇంటికి వెళ్లాను. నాకు గురువు. వయసు మీదపడినా గొంతు తగ్గలేదు. సంగతి వినగానే ఆయన కళ్లు మెరిశాయి.

"ప్రొజెక్టర్ దొరుకుతదా తమ్మీ? బడి గోడ మీద వేసి చూపిద్దాం. మొత్తం చూపిద్దాం. ఇన్నేళ్లల్ల ఇంత గట్టి రుజువు మన చేతికి దొరకలే."

"ముందు ఆ ప్రశ్నలన్నీ తుడిచేస్త సార్."

"రుజువు చేతిల పెట్టుకొని తుడుస్తవా? నీకు మతి ఉన్నదా?"

"ఆ రుజువుల స్వరూప ఉన్నది సార్. నర్సిములు జబ్బున్నది. ఇంకెవరెవరివి ఏమున్నయో నాకు తెల్వది, తెలుసుకోను గూడ."

"ఒకామె పళ్లు పీకుతమంటుంటే ఇంకొకామె సిగ్గు గురించి ఆలోచిస్తున్నవా?"

"సిగ్గు కాదు సార్. కొడుకును అనుమానించిందని తెలిస్తే ఆ ఇంట్ల ఆ పిల్ల బతుకుతదా? అనంతమ్మది ప్రాణమే, ఆమెదీ ప్రాణమే."

"నిజం దాచిపెట్టి నిజం గెలిపిస్తనంటవ్. మనం బాబాలకు ఇదేనా చెప్పింది?"

ఆ ప్రశ్నకు నా జవాబు ఆ రోజు ఇంత తీరుగా రాలేదు. ఇప్పుడు రాస్తున్నాను. బాబా తన రహస్యాన్ని దాచేది మన మీద పెత్తనం కోసం. స్వరూప తన ప్రశ్నను దాచుకునేది తన మీద పెత్తనం చేసేవాళ్ల నుంచి. బలవంతుడి రహస్యాన్ని బద్దలుకొట్టడం మన పని. బలహీనుడి గోప్యతను కాపాడడం కూడా మన పనే. రెండింటినీ ఒకే గాటన కట్టిన సంస్కర్త, తనకు తెలియకుండానే మా ప్రిన్సిపాల్ గారి పక్కన నిలబడతాడు. ఆయనకు ఆడపిల్లల హిస్టరీ కావాలి, ఈయనకు ఊరి హిస్టరీ కావాలి. ఇద్దరూ మంచికోసమే అడుగుతారు.

వీరేశం సారు ఒప్పుకోలేదు. "నీ పద్ధతిలనే చెయ్. తప్పితే నేను లేచి నా పద్ధతిల చెప్త" అన్నారు.

శనివారం ఖాజా దుకాణంలో కూర్చున్నాం. పాస్‌వర్డ్ అతనే కొట్టాడు. పేజీని కిందికి జరపకుండా, మొత్తం తుడిచేయమనే ఆజ్ఞ ఒక్కటే ఇచ్చాను. ఆదివారం ఊరికి చూపడానికి ఫోన్లలో ఖాతాను మాత్రం అట్లాగే ఉంచాను.

బడి ముందర

ఆదివారం పొద్దెక్కాక బడి ముందర జనం కూడారు. అనంతమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. గట్టి మనిషి. తల వంచుకోలేదు. నర్సిములు, బాలమణి, మరికొందరు పెద్దలు వేపచెట్టు నీడన కుర్చీలు వేసుకున్నారు. స్వరూప ఆడవాళ్ల గుంపులో చివర ఉంది. ఆమె భర్త రాములు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నాతో వచ్చిన వీరేశం సారు చేతికర్ర పట్టుకుని ఒక పక్కన కూర్చున్నారు.

నేను ఉపన్యాసం ఇవ్వలేదు. నర్సిములును అడిగాను.

"పెద్దమనిషి, నీ ఫోన్ తీసుకొని బడి వెనకకు పో. ఎవలకు ఇనరాకుంట ఏదన్న ఒక ముచ్చట ఫోన్ల అడుగు. ఇక్కడున్న ఒక్కరి ఊహకు గూడ అందనిది అడుగు."

"ఏమడగాలె?"

"నాకు చెప్తె ఇంకేమున్నది. నీ ఇష్టం."

వెళ్లి వచ్చాడు. అనంతమ్మ ఫోను అందరి ముందర బెంచీ మీద పెట్టి ఉంది. మంజుల గడి మీద వేలు పెట్టి, కింద కనబడింది చదివింది. "నేను నర్సిములును. మా ఎర్ర బర్రె ఇయ్యాల పాలెందుకు ఇయ్యలే."

జనం గొల్లుమన్నారు. "తన్నినవా ఏంది నర్సన్నా" అన్నారెవరో. నర్సిములు నవ్వలేదు. ఇంకొకతన్ని పంపాడు, అది కూడా వచ్చింది. ఈసారి తన ఫోను తానే తెరిచి చూసుకున్నాడు. అందులోనూ ఉంది. ఒకరి తర్వాత ఒకరు జేబుల్లోంచి ఫోన్లు తీశారు. ఖాజా ముందుకు వచ్చి చెప్పాడు. "మీ అందరి ఫోన్లల్ల నా అకౌంట్ ఒక్కటే ఉన్నది. ఒకరు అడిగింది అందరికి పోతున్నది. ఎరుక లేక చేసిన. కొడితె నన్ను కొట్టుండ్రి. అవ్వను ఏమనకుండ్రి."

నవ్వులు ఆగిపోయాయి. తాము ఇన్నాళ్లూ ఏమేం అడిగామో ప్రతివాడికీ గుర్తొచ్చినట్టుంది. ఒక ముసలాయన అడిగాడు.

"మరి ఇంతకు ముందు అడిగినయి?"

"నిన్న తుడిచేసినం."

"నువ్వు సదివినవా సారూ?"

"అనంతమ్మ ఫోన్ల ఒక్కటి చూసిన, మంజుల తెచ్చినప్పుడు. తుడిచేటప్పుడు ఏదీ చదవలే."

"మేమెట్ల నమ్మాలె?"

నా జీవితమంతా జనానికి ఒకటే నేర్పాను. ఎవరి మాటా నమ్మకండి, చూపించమనండి. ఆ రోజు చూపడానికి నా దగ్గర ఏమీ లేదు, నేనే తుడిచేశాను. "నమ్మమని అడుగుతున్న" అన్నాను. వేదికల మీద నేనెన్నడూ పలకని మాట అది. ముసలాయన నా ముఖం వైపు చూసి, ఫోను జేబులో పెట్టుకున్నాడు.

అంతటితో అయిపోతుందని ఆశపడ్డాను. బాలమణి తెలివిగలది. లేచి నిలబడింది.

"అంటే నా ఇంటి ముచ్చట నా ఇంట్లకెల్లే ఫోన్లకు పోయిందన్నట్టు. అంతేనా సారూ?"

ఆ ప్రశ్న వస్తుందని నాకు ముందే తెలుసు. అనంతమ్మ నిర్దోషి అని రుజువైతే, ఫోనులో అడిగినవాళ్లెవరన్న లెక్క దానంతటదే మొదలవుతుంది. ప్రశ్నలు తుడిచేయగలిగాను గానీ, ఆ లెక్కను ఎట్లా ఆపాలో నాకు తోచలేదు.

బాలమణి నా జవాబు కోసం ఆగలేదు. "చెప్పు అనంతవ్వా. నా కొడుకుల లోపమున్నదా అని ఎవలడిగిండ్రు?"

"నేను చెప్ప" అంది అనంతమ్మ.

"చెప్పకుంటె నువ్వే పుట్టిచ్చినవంట."

"అనుకో."

"మళ్ల బాణామతి అంటరు నిన్ను."

"అననీ. నల్లాకాడ ఒక్కసారి నోరు జారిన. మళ్ల జార."

జనం తలలు మెల్లగా స్వరూప వైపు తిరుగుతున్నాయి. ఆ పిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు రాములు గోడ వదిలి ముందుకు వచ్చాడు.

"నేనే అడిగిన అమ్మా."

"నువ్వా?"

"నేనే. నాకే డౌటొచ్చింది. ఆమెను సతాయిస్తె ఏమొస్తది. పరీక్ష చేయించుకుంట."

అబద్ధం. నాకు తెలుసు, స్వరూపకు తెలుసు, మంజులకు తెలుసు, అనంతమ్మకు తెలుసు. వీరేశం సారుకూ తెలుసు, నేనే చెప్పాను. సభలో అబద్ధం వినబడితే ఆయన ఊరుకున్నది నేనెప్పుడూ చూడలేదు. చేతికర్ర మీద ఆయన పిడికిలి బిగిసింది. లేస్తారేమో అనుకున్నాను. ఆయన లేవలేదు. నేల వైపు చూస్తూ ఉండిపోయారు.

బాలమణి కొడుకును చూసి, కుర్చీలో కూర్చుంది. నర్సిములు గొంతు సవరించుకుని, "అనంతవ్వది తప్పేం లేదు. లేవుండ్రి ఇగ" అన్నాడు. క్షమించమని ఎవరూ అడగలేదు.

బడి అరుగు మీద బల్ల వేసుకుని, ఒక్కొక్క ఫోనులోంచి ఖాజా ఖాతా తీసేసి, ఎవరి ఖాతా వాళ్లకు తెరిచి ఇచ్చాం. పాస్‌వర్డ్ మీరే అనుకోండి, మాకు చెప్పకండి అంటే చాలామంది అనుమానంగా చూశారు. పేరూ ఊరూ చెప్పకుండా అడిగినా ఫోను పలుకుతుందంటే అంతకన్నా ఎక్కువ అనుమానంగా చూశారు. స్వరూప వంతు వచ్చింది. ఫోను తీసుకుంటూ అడిగింది.

"గిప్పుడు అడిగితె ఎవలకు పోదా సారూ?"

"ఈ ఊళ్ల ఎవరికీ పోదు. ఆ కంపెనీకి పోతది. వాళ్లు గుర్తుపెట్టుకోకుండ ఒక మీట ఉంటది, అది నొక్కిన. ఎంతవరకు మాట నిలబెట్టుకుంటరో నేను హామీ ఇయ్యలేను."

కాస్త ఆలోచించింది. "కంపెనోళ్లు మా అత్తకు చెప్పరు గద" అని, ఫోను కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది. గోప్యత గురించి నేను చదివిన పుస్తకాలన్నీ కంపెనీలతో మొదలవుతాయి. కంపెనీలను వదలకండి, వాటి మీద కొట్లాడవలసింది చాలా ఉంది. కానీ మీ ముందు నిలబడ్డ మనిషి ఎవరికి భయపడుతోందో ముందు అడిగి తెలుసుకోండి. మా దగ్గర సగం మందికి ఆ భయం తామున్న ఇంటి కప్పు కిందే ఉంటుంది.

తిరుగు రైల్లో వీరేశం సారు వికారాబాద్ దాకా కిటికీ పక్కన కూర్చున్నారు. దిగేటప్పుడు, "ఆ పిలగాడు మంచోడు" అన్నారు.

ఆ తర్వాత

కొన్ని వారాల తర్వాత తాండూరు స్టేషనులో సాయంత్రం బండి కోసం నిలబడి ఉంటే మంజుల కనబడింది. తల్లి ఎట్లా ఉందని అడిగాను.

"బాణామతి అని ఎవరూ అంటలేరు సార్. మాట్లాడతలేరు గూడ."

"ఎందుకు?"

"అమ్మకు అందరి ముచ్చట్లు ఎరుకని భయం. ఎన్ని చదివి వినిపించిన్నో నాకే యాదిలేదు, వాళ్లకేం తెలుస్తది. నల్లాకాడ అమ్మ పోతె బిందెలు తీసుకొని పక్కకు జరుగుతరు."

మంత్రం లేదని రుజువు చేయగలిగాను. ఆ రుజువు అనంతమ్మను ఊరందరి మాటలు విన్న మనిషిగా మిగిల్చింది. ఖాతాలోంచి తుడిచినట్టు మనిషి మనసులోంచి తుడవడం ఎవరి చేతా కాదు.

"ఒక్క స్వరూపక్క వస్తది" అంది మంజుల. "రోజు వస్తది. పనంత అయినంక మా అరుగు మీద కూసుంటది. మీ అత్త ఏమంటదో, పో అంటది అమ్మ. పోదు."

"ఏం మాట్లాడుకుంటరు?"

"ఏం మాట్లాడరు సార్. అమ్మ ఉన్ని వడుకుతది, ఆమె చూస్కుంట కూసుంటది. ఎందుకొస్తవక్కా అని నేనే అడిగిన. మీ అమ్మ కాడ దాచేదేం లేదు గద, జర నిమ్మలంగ ఉంటది అన్నది."

బండి ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది. నేను ఎక్కబోతుంటే మంజుల ఇంకో మాట చెప్పింది. ఆ రోజు పొద్దున రాములు, స్వరూప తాండూరు దవాఖానకు వచ్చారట. వాళ్ల ఆటోలో వెనక సీట్లో అనంతమ్మ కూడా ఉందట. బాలమణే పంపిందట, ఆమెకు ఎట్లాగూ ఎరుకే గద, తోడు పో అని.